ఎలక్ట్రోలిసిస్ ఆనోడ్లు: బెంగళూరులో దొరికేవాటిలో ఏది నిలుస్తుంది, ఏది నీళ్లలో కలిసిపోతుంది

చివరిదాకా చదివే తీరిక లేనివాళ్ల కోసం ముందే చెప్పేస్తాను. ఇంట్లో ఎలక్ట్రోలిసిస్, అంటే నీళ్లలోంచి కరెంటు పారించి చేసే పని, తరచుగా చేస్తుంటే, ఒక్కసారి డబ్బు పెట్టి ఏళ్ల తరబడి వాడుకుందామనుకుంటే, ఆనోడ్‌కి, అంటే పాజిటివ్ వైపు పెట్టేదానికి, ఎంఎంఓ (కలగలిపిన లోహ ఆక్సైడ్ల) పూత వేసిన టైటానియం మెష్ కొనండి, అందులోనూ ఇరిడియం రకం. పిల్లల స్కూల్ ప్రాజెక్టు ఒక్కరోజు పని, దానికి గ్రాఫైట్ కడ్డీ చాలు. తుప్పు వదిలించడానికి మాత్రమే అయితే మామూలు ఇనుప రేకుతోనూ పని జరుగుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు గరిటెలు, గ్లాసులు, గిన్నెలు తోమే స్టీలు పీచు మాత్రం పాజిటివ్ వైపు పెట్టకండి, ఉప్పు నీళ్లలో అయితే అసలే వద్దు. వీడియోల్లో ఎంతమంది పెట్టి చూపించినా సరే.

నెగెటివ్ వైపు, అంటే కాథోడ్ దగ్గర, హైడ్రోజన్ వస్తుంది. అక్కడున్న లోహానికి అది దాదాపు రక్షణే, అందుకని అక్కడ స్టీలు ముక్క పెట్టినా నిశ్చింతగా ఉండొచ్చు. తలనొప్పంతా పాజిటివ్ వైపు, అంటే ఆనోడ్ దగ్గరే. ఆనోడ్ దగ్గర కరెంటు ఎవరో ఒకరి నుంచి ఎలక్ట్రాన్లు లాక్కోవాలి. నీళ్ల నుంచి లాక్కుంటే ఆక్సిజన్ వస్తుంది, ఉప్పు నుంచి లాక్కుంటే క్లోరిన్ వస్తుంది, ఆ రెండిటికన్నా లోహం నుంచి లాక్కోవడమే సులువైతే లోహమే కరిగి నీళ్లలోకి దిగుతుంది. రాగి అయితే ఒక ఆంపియర్ కరెంటు గంటసేపు పారినందుకు దాదాపు 1.19 గ్రాములు, ఇనుము అయితే 1.04 గ్రాములు. రెండు ఆంపియర్ల మీద రాత్రి ఎనిమిది గంటలు వదిలేస్తే 19 గ్రాముల రాగి దాకా పోవచ్చు, అంటే నీళ్లలోకి దిగిన వైరు కొస తెల్లారేసరికి కనిపించదు.

నేను ఎక్కువగా చేసేది పాత ఇనుప సామాన్లకి తుప్పు వదిలించే పని, తుప్పు పట్టిన వస్తువుని నెగెటివ్ వైపు కలిపి సోడా నీళ్లలో ముంచుతాను. కత్తిపీటలు, పోత ఇనుప పెనాలు, కొబ్బరి కోరాలు, ఊళ్లో అటక మీద పడి ఉండి ఎవరూ ముట్టుకోని పొంగణాల పెనం లాంటివి. ఇవన్నీ మళ్లీ వంటింట్లోకి వెళ్లేవి. అందుకని ఆనోడ్ ఎన్నాళ్లు మన్నుతుంది అన్నది ఎంత ముఖ్యమో, అది కరిగితే నీళ్లలో ఏం కలుస్తుంది అన్నది నాకు అంతకన్నా ముఖ్యం. ఈ రివ్యూ అంతా ఆ లెక్కలోనే రాస్తున్నాను.

బెంగళూరులో ఫ్యాక్టరీలు ఎక్కువగా ఉండే పీణ్యలో ప్లేటింగ్, అంటే లోహపు పూత పని, సామాన్లు అమ్మే చిన్న షాపు ఒకటుంది. నడిపేది హిందూపురం వైపు ఆయన, పేరు రాయడం లేదు. టైటానియం మెష్ కావాలని అడిగితే ధర చెప్పలేదు, సైజూ అడగలేదు. "నీళ్లల్లో ఏం కలుపుతావన్నా, ముందు అది చెప్పు" అన్నారు. "బట్టల సోడా అన్నా, తుప్పు తీయడానికి" అన్నాను. "అట్లయితే ఇరిడియందే తీసుకో. రుథీనియందయితే ధర తక్కువే గానీ అది ఉప్పు నీళ్లకి. సోడాలో ఎన్నాళ్లుంటాదో నేను మాటియ్యలేను" అన్నారు. ఆన్‌లైన్‌లో ఇన్ని లిస్టింగులు చూశాను, ఒక్కదాంట్లోనూ ఈ ప్రశ్న లేదు. ఆనోడ్ ఎంపిక మొత్తం ఆ ప్రశ్నలోనే ఉంది. ముందు నీళ్లలో ఏం కలుపుతున్నారో తేల్చుకోండి, ఆనోడ్ సంగతి ఆ తర్వాత.

గ్రాఫైట్

అందరూ మొదలుపెట్టేది దీంతోనే, తప్పేం లేదు. పదో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ సైన్స్ పుస్తకంలో ప్లాస్టిక్ మగ్గుకి అడుగున రెండు రంధ్రాలు పెట్టి, రబ్బరు బిరడాల్లో కార్బన్ కడ్డీలు గుచ్చి, 6 వోల్టుల బ్యాటరీ కలిపి, నీళ్లలో సల్ఫ్యూరిక్ ఆసిడ్ చుక్కలు వేసే ప్రయోగం ఉంది కదా, దానికి గ్రాఫైట్ సరిపోతుంది. కానీ ఒక సంగతి ముందే తెలిసి ఉంటే మంచిది. హైడ్రోజన్, ఆక్సిజన్ రెండుకి ఒకటి నిష్పత్తిలో రావాలని పుస్తకం చెబుతుంది, గ్రాఫైట్‌తో చేస్తే ఆక్సిజన్ తరచుగా తక్కువ పడుతుంది. కొంత ఆక్సిజన్ కార్బన్‌నే తినేసి కార్బన్ డయాక్సైడ్‌గా మారిపోతుంది, పైగా హైడ్రోజన్ కంటే ఆక్సిజన్ నీళ్లలో కాస్త ఎక్కువ కరుగుతుంది. టీచర్ అడిగితే పిల్లలు ఈ జవాబు చెప్పగలిగితే ఆ ప్రాజెక్టుకి అంతకన్నా ఏం కావాలి.

లెక్క ప్రకారం కరెంటంతా కార్బన్‌ని కాల్చడానికే పోయినా ఆంపియర్-గంటకి 0.11 గ్రాము మాత్రమే తగ్గాలి. చూడ్డానికి చాలా తక్కువ. నిజంగా జరిగేది వేరు: రేణువుల మధ్య పట్టు ఊడిపోయి, కాలకుండానే ముక్కలుగా రాలిపోతుంది. అడుగున కాటుకలాంటి మడ్డి చేరుతుంది, అది ముంచిన వస్తువు సందుల్లోకి దూరి ఎంత తోమినా చేతికి నల్లగా అంటుతూనే ఉంటుంది. పెనం మీద గుంటలుంటే ఇంక చెప్పక్కర్లేదు.

రకాల విషయానికొస్తే, పెన్సిల్ లెడ్‌లో గ్రాఫైట్‌తో పాటు బంకమట్టి ఉంటుంది, ఎక్కువ కరెంటు ఇస్తే వేడెక్కి విరిగిపోతుంది. పాత టార్చ్ సెల్ పగలగొట్టి తీసే కడ్డీ దానికన్నా నయం, కానీ సెల్ పగలగొట్టినప్పుడు వచ్చే నల్ల పొడి మాంగనీస్ డయాక్సైడ్, చిన్నపిల్లల చేత ఆ పని చేయించకండి, ఆల్కలైన్ సెల్ అసలు పగలగొట్టొద్దు, అందులో కార్బన్ కడ్డీ ఉండదు, ఉండేది చర్మాన్ని కాల్చే క్షారం, కాస్టిక్ పొటాష్. వెల్డింగ్ సామాన్ల షాపుల్లో గౌజింగ్ రాడ్ అని అమ్ముతారు, రాగి పూత ఉన్న లావుపాటి కార్బన్ కడ్డీ, చవక, గట్టిగా ఉంటుంది. డబ్బుకి దక్కే విలువ చూస్తే గ్రాఫైట్‌లో నా ఓటు దీనికే. అయితే నీళ్లలో మునిగే భాగం మీద రాగి పూత పూర్తిగా తీసేయాలి. ఎలక్ట్రానిక్స్ షాపులుండే ఎస్పీ రోడ్‌లో సర్క్యూట్ బోర్డుల కోసం అమ్మే ఫెర్రిక్ క్లోరైడ్‌లో కాసేపు ఉంచితే పోతుంది, లేదంటే ఎమరీ పేపర్‌తో గీకొచ్చు. తీయకుండా వాడితే ఆ రాగంతా కరిగి మీ ఇనుప వస్తువు మీద ఎర్రగా పేరుకుంటుంది. పైన క్లిప్పు పెట్టే చోట మాత్రం పూత ఉంచేయండి, కాంటాక్ట్ బాగుంటుంది. పీణ్యలో అచ్చులు చేసే టూల్‌రూముల్లో ఈడీఎం మెషిన్లకి (నిప్పురవ్వలతో లోహాన్ని చెక్కేవి) వాడే గ్రాఫైట్ దిమ్మెల ముక్కలు మిగులుతాయి, అవి ఇంకా మెత్తని రేణువుతో, బిగువుగా ఉంటాయి, మామూలు కడ్డీ కంటే నెమ్మదిగా రాలతాయి. తెలిసినవాళ్లుంటే అడగండి.

స్టెయిన్‌లెస్ స్టీలు

ఇక్కడ నేను మొహమాటపడను. 304 స్టీలులో 18 శాతం దాకా క్రోమియం, 8 శాతం దాకా నికెల్ ఉంటాయి. చవక పాత్రల్లో వాడే 200 సిరీస్‌లో నికెల్ తగ్గించి మాంగనీస్ పెంచుతారు. అయస్కాంతం పెట్టి తేడా పట్టుకుందామంటే కుదరదు, రెండూ పెద్దగా అంటుకోవు. ఉప్పు నీళ్లలో పాజిటివ్ వైపు పెడితే క్లోరైడ్ ఆ స్టీలు మీది రక్షణ పొరని చిల్లులు పొడిచేస్తుంది, ఇనుము, నికెల్, క్రోమియం అన్నీ నీళ్లలోకి దిగుతాయి. సోడా నీళ్లలో చిల్లులు అంత తొందరగా పడవు గానీ వోల్టేజ్ ఎక్కువిస్తే క్రోమియం ఆరో వేలెన్సీ రూపంలో, అంటే క్రోమేట్‌గా, బయటికి రాగలదు. నీళ్లు పసుపు పచ్చగా మారుతున్నాయంటే అది క్రోమేటేనని లెక్క వేసుకుని ఆపేయండి. ఇది క్యాన్సర్ కలిగించే పదార్థమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మొదటి గ్రూపులోనే పెట్టింది. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరులో మొత్తం క్రోమియం 0.05 మిల్లీగ్రాములు దాటకూడదు. ఒక బకెట్ ఆ పసుపు నీళ్లు అపార్ట్‌మెంట్ డ్రైనేజీలో పారబోస్తే అవి ఎటు వెళతాయో ఒక్కసారి ఆలోచించండి.

కాస్టిక్ సోడాలోనో కాస్టిక్ పొటాష్‌లోనో స్టీలు బాగానే నిలుస్తుందనే మాట చాలావరకు నిజమే. కానీ వోల్టేజ్, వేడి పెరిగితే అక్కడా గోధుమ రంగు మడ్డి దిగడం మొదలవుతుంది. వంటింటి సామాను కోసం నేనైతే వాడను.

మామూలు ఇనుము

తుప్పు పనికి దీన్ని తీసిపారేయడానికి లేదు. సోడా నీళ్లు క్షార గుణం కాబట్టి ఇనుము గబగబా కరిగిపోదు, పైన గోధుమ రంగు పొక్కు కడుతుంది, కరెంటు తగ్గుతుంది, తీసి గీకి మళ్లీ పెట్టాలి. కరిగినా కలిసేది ఇనుమే, పెనానికి దానివల్ల నష్టం లేదు. కావలసిందల్లా ఓపిక. జింకు పూత ఉన్న గాల్వనైజ్డ్ రేకు మాత్రం వద్దు. డబ్బు ఖర్చు పెట్టడం ఇష్టం లేనివాళ్లు గుజరీలో పాత ఇనుప రేకు తెచ్చుకుని ఇక్కడితో చదవడం ఆపేయొచ్చు.

నికెల్

కాస్టిక్ ద్రావణంలో ఆక్సిజన్ పుట్టించడానికి నికెల్ చాలా మంచి ఆనోడ్. కాస్టిక్ పొటాష్‌తో హైడ్రోజన్ తయారుచేసే పెద్ద ఎలక్ట్రోలైజర్లలోనూ నికెల్, నికెల్ పూత వేసిన ఉక్కు వాడతారు. పైన నల్లటి ఆక్సైడ్ పొర ఏర్పడి అదే కాపాడుతుంది. కానీ ఉప్పు నీళ్లలోనో ఆసిడ్‌లోనో పెడితే ఆకుపచ్చగా కరిగిపోతుంది, నికెల్ లవణాలు చర్మానికీ ఊపిరితిత్తులకీ మంచివి కావు.

ఎస్పీ రోడ్‌లో లిథియం సెల్స్ అతికించడానికి వాడే నికెల్ స్ట్రిప్ చుట్టలు కుప్పలుగా అమ్ముతారు. అందులో చాలా వరకు నికెల్ పూత పూసిన ఉక్కే. ఒక షాపులో "ప్యూర్ నికెల్" అని ఇచ్చింది కూడా పూత సరుకే అని తేలింది. అయస్కాంతంతో తేలదు, నికెల్ కూడా అయస్కాంతానికి అంటుకుంటుంది కదా. ఒక చిన్న ముక్కని ఎమరీ పేపర్‌తో పైపొర పోయేదాకా గీకి, ఉప్పు నీళ్లలో రాత్రంతా ఉంచండి. పొద్దునకి గీసిన చోట తుప్పు కనిపిస్తే లోపల ఉక్కు. అసలు నికెల్ అయితే అలాగే మెరుస్తూ ఉంటుంది. చుట్ట మొత్తానికి డబ్బు కట్టే ముందు మీటరు ముక్క మాత్రమే కొని ఇంటికెళ్లి ఈ పరీక్ష చేసి, తర్వాత చుట్ట కొనండి. ఇంకో మాట, కాస్టిక్ అంటే కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి. ఒక చుక్క కంట్లో పడినా చూపుకే ప్రమాదం. నా ఇంట్లో పిల్లలు తిరుగుతుంటారు కాబట్టి నేను సోడా నీళ్లతోనే సరిపెట్టుకుంటాను.

ఎంఎంఓ టైటానియం మెష్

టైటానియం ఒక్కటే ఆనోడ్‌గా పనికిరాదు. కరెంటు ఇవ్వగానే దాని మీద ఆక్సైడ్ పొర ఏర్పడి కరెంటుని ఆపేస్తుంది. ఆ గుణాన్నే మంచికి వాడుకున్నారు: టైటానియం మీద రుథీనియం, ఇరిడియం లాంటి లోహాల ఆక్సైడ్లు పలుచగా పూసి కొలిమిలో కాలిస్తే, పూత ఉన్నచోట కరెంటు పోతుంది, ఎక్కడైనా చిన్న గీత పడినా కింద టైటానియం తనంతట తాను మూసుకుంటుంది గానీ కరగదు. ఈ పద్ధతి కనిపెట్టింది హెన్రీ బీర్ అనే ఆయన, 1960లలో. ఇటలీకి చెందిన డి నోరా కంపెనీ దాన్ని పరిశ్రమలోకి తెచ్చింది. అంతకుముందు ఉప్పు నీళ్ల నుంచి క్లోరిన్, కాస్టిక్ తీసే ఫ్యాక్టరీలు చాలావరకు గ్రాఫైట్‌తోనే నడిచేవి. గ్రాఫైట్ అరిగేకొద్దీ రెండు ఎలక్ట్రోడ్ల మధ్య దూరం పెరిగి కరెంటు ఖర్చు పెరిగేది, మాటిమాటికీ సర్దాల్సి వచ్చేది. కొత్త ఆనోడ్ కొలత మారకుండా ఉండటంతో గ్రాఫైట్ అక్కడినుంచి వెళ్లిపోయింది. మనకి దగ్గర్లోనే, తమిళనాడు కారైకుడిలో 1948లో ఏర్పాటైన కేంద్ర విద్యుత్ రసాయన పరిశోధన సంస్థ, సెక్రి, ఈ రకం టైటానియం ఆనోడ్లని మన దేశంలోనే తయారుచేసే పరిజ్ఞానం అభివృద్ధి చేసింది. ఇది విదేశీ వింత సరుకేం కాదు.

ఇందులో రెండు రకాలు. రుథీనియం పూత క్లోరిన్ వచ్చే చోటుకి, అంటే ఉప్పు నీళ్లకి. స్విమ్మింగ్ పూల్ క్లోరినేటర్ల సెల్స్‌లో ఎక్కువగా ఉండేది ఇదే. ఇరిడియం, టాంటలం కలిపిన పూత ఆక్సిజన్ వచ్చే చోటుకి, అంటే సోడా, సల్ఫేట్ లాంటి ద్రావణాలకి. రుథీనియం దాన్ని ఆక్సిజన్ పనికి వాడితే పూత క్రమంగా కరిగిపోయి ఒకరోజు కరెంటు పోవడం మానేస్తుంది. చూడ్డానికి రెండూ ఒకేలా బూడిద-నలుపు రంగులో ఉంటాయి, కంటితో చూసి ఏదేదో చెప్పలేం.

పీణ్యలో కొన్న అరచేయంత మెష్ నా దగ్గర వంటింటి సామాన్ల తుప్పు పనంతా చేస్తోంది. నీళ్లలో నల్ల మడ్డి లేదు, రంగు లేదు, కిందికి దిగేది వస్తువు మీంచి ఊడిన తుప్పు మాత్రమే. గ్రాఫైట్‌తో చేసినప్పుడు బకెట్ కడగడమే ఒక పని, ఇప్పుడు ఆ బాధ లేదు. కరెంటు ఇవ్వగానే మెష్ ప్రతి గడి అంచునుంచీ సన్నటి బుడగలు ఒకే తీరుగా లేస్తాయి, అదే పూత ఆరోగ్యంగా ఉందనడానికి గుర్తు. ఒక మూల నుంచే బుడగలు వస్తూ మిగతాది నిశ్శబ్దంగా ఉంటే అక్కడ పూత పోయిందని అర్థం.

ఇప్పుడు నకిలీల సంగతి, దీని గురించి కాస్త వివరంగా రాయాలి. ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు నుంచి తెప్పించిన "ఎంఎంఓ మెష్" వట్టి టైటానియం, పైన నల్ల రంగు. ఫిర్యాదు చేస్తే వాడారు కాబట్టి వాపసు లేదన్నారు. నల్లగా ఉంది కదా అని నమ్మేయకుండా రాగానే ఈ పరీక్షలు చేయండి. మొదటిది, నెయిల్ పాలిష్ రిమూవర్‌లో ముంచిన దూదితో గట్టిగా రుద్దండి. రంగైతే దూదికి అంటుకుంటుంది, కాల్చిన ఆక్సైడ్ పూత అంటుకోదు. రెండోది అసలు పరీక్ష: లీటరు నీళ్లలో టేబుల్ స్పూను బట్టల సోడా కలిపి, మెష్‌ని పాజిటివ్‌కి, స్టీలు చెంచాని నెగెటివ్‌కి కలిపి 5 వోల్టులు ఇచ్చి మీటర్ చూడండి. అసలు పూత అయితే కరెంటు నిలకడగా ఉంటుంది. వట్టి టైటానియం అయితే మొదట ఒక్క క్షణం ముల్లు లేచి, కొన్ని సెకన్లలో దాదాపు సున్నాకి పడిపోతుంది. 12 వోల్టులకి పెంచితే వట్టి టైటానియం మీద గోధుమ-బంగారు రంగు వస్తుంది, ఇంకా పెంచితే ఊదా, నీలం. ఆ రంగులు కనిపించాయంటే మీ డబ్బులు నీళ్లపాలు అయినట్టే. వీడియో తీసుకుంటూ పరీక్ష చేయండి, వాపసు అడగడానికి పనికొస్తుంది.

పూతలో ఉన్నది ఇరిడియమా రుథీనియమా తేల్చుకోవడానికి బెంగళూరులో ఒక మంచి దారి ఉంది. బంగారంలో ఈ లోహాలనే కల్తీ చేస్తుంటారు కాబట్టి, హాల్‌మార్కింగ్, టచ్ చూసే చోట్ల ఉండే ఎక్స్‌ఆర్‌ఎఫ్ మెషిన్లు (ఎక్స్‌రేతో ఏ లోహమో చెప్పేవి) చూపించే జాబితాలో ఇరిడియం, రుథీనియం పేర్లు సాధారణంగా ఉంటాయి. నగరత్‌పేట వైపు బంగారం పనివాళ్లు ఎక్కువ, అక్కడ ఇలాంటి మెషిన్ ఉన్నవాళ్లని అడగండి. చిన్న రుసుము తీసుకుని మెష్ ముక్కని పెట్టి చూపిస్తే స్క్రీన్ మీద ఏ పేరు వస్తోందో చూడండి. పూత పలుచన కాబట్టి శాతాలు పట్టించుకోవద్దు, పేరు కనబడిందా లేదా అన్నదే కావాలి.

ప్లాటినం పూత టైటానియం గురించి కొద్దిగా. నగలకి రోడియం పాలిష్ పెట్టేవాళ్లు వాడేది ఇదే, ప్లేటింగ్ సామాన్ల షాపుల్లో వెండిలా మెరిసే మెష్ అడిగితే ఇస్తారు. మంచిదే, ప్లస్ మైనస్ తారుమారైనా ఎంఎంఓ కంటే బాగా తట్టుకుంటుంది. ధర ఎక్కువ, తుప్పు పనికి అంత అవసరం లేదు. సీసం, లెడ్ డయాక్సైడ్ ఆనోడ్లు పరిశ్రమల్లో ఉన్నాయి గానీ ఇంట్లోకి సీసం తేవద్దు, అంతే.

పాడవకుండా ఉండాలంటే

ఎంఎంఓ కొని నెలలోనే పోయిందని రాసేవాళ్ల రివ్యూలు చదివాను, చాలావాటిలో కారణం వాడిన తీరే. ప్లస్ మైనస్ తిప్పి పెట్టకండి, నెగెటివ్ వైపు పెడితే పూత దెబ్బతింటుంది. ఇనుప బ్రష్‌తో తోమకండి, నీళ్లతో కడిగి ఆరబెట్టండి చాలు. ఫ్లోరైడ్ ఉన్న రసాయనాలు, అంటే కొన్ని రకాల తుప్పు మరక తీసే ద్రావణాలు, టైటానియాన్నే తినేస్తాయి, దగ్గరికి రానివ్వకండి. మెష్‌ని వస్తువుకి తగలనివ్వకండి, షార్ట్ అయితే ఆ చోట పూత కాలిపోతుంది, ప్లాస్టిక్ జల్లెడ ముక్క మధ్యలో అడ్డం పెడితే సరిపోతుంది.

టైటానియానికి టంకం అంటదు. మెష్‌తో పాటే వెల్డ్ చేసిన టైటానియం పట్టీ ఉన్నది అడిగి తీసుకోండి, ఆ పట్టీ నీళ్ల పైకి వచ్చేంత పొడుగు ఉండాలి, వైరు బిగించేది పైనే. క్రొకడైల్ క్లిప్పు మీద బుడగల తుంపర పడి పచ్చగా చిలుము పడుతుంది, అందుకే బోల్టు, నట్టు మేలు.

12 వోల్టుల అడాప్టర్ నేరుగా కలిపేవాళ్లున్నారు. నీళ్లు విడగొట్టడానికి సిద్ధాంతం ప్రకారం 1.23 వోల్టులు కావాలి, ఆచరణలో మూడు నుంచి ఐదు చాలు, మిగిలిందంతా వేడిగా పోయి పూత ఆయుష్షు తగ్గిస్తుంది. ఎస్పీ రోడ్‌లో ఎక్స్‌ఎల్ 4015 చిప్పుతో, వోల్టేజ్ తగ్గించుకుని కరెంటు పరిమితి కూడా పెట్టుకునే మాడ్యూల్ దొరుకుతుంది, దాన్ని పాత ల్యాప్‌టాప్ అడాప్టర్‌కి తగిలించుకుంటే మంచి సప్లై తయారవుతుంది.

బోరు నీళ్లు వాడితే బట్టల సోడా వేయగానే పాలలా తెల్లబడతాయి, అది కాల్షియం కార్బనేట్. కాథోడ్ మీద కూడా సున్నం పేరుకుంటుంది. కుళాయిలో వచ్చే కావేరి నీళ్లు దానికన్నా నయం, కొలతలు తీసే ప్రయోగాలకైతే బ్యాటరీ షాపుల్లో అమ్మే డిస్టిల్డ్ వాటరే వాడండి.

హైడ్రోజన్ గాలిలో 4 శాతం చేరితే చాలు అంటుకోగలదు, కాబట్టి బాల్కనీలోనే చేయండి, మూత బిగించిన డబ్బాలో గ్యాస్ పట్టి ఉంచకండి, పక్కన దీపం, అగరబత్తి లేకుండా చూసుకోండి. ఉప్పు నీళ్లతో అయితే క్లోరిన్ కూడా వస్తుంది. ఆ నీళ్లలో బాత్రూం ఆసిడ్ పడితే ఒక్కసారిగా క్లోరిన్ ఎగదన్నుకొస్తుంది, ఊపిరాడదు. అవసరం లేకపోతే ఉప్పు జోలికే వెళ్లకండి, తుప్పు పనికి సోడా చాలు. అల్యూమినియం వస్తువులు సోడా నీళ్లలో పెట్టకండి, అవే కరుగుతాయి. గట్టి స్ప్రింగులు కూడా వద్దు, హైడ్రోజన్ చేరి పెళుసెక్కుతాయి.

షాపుల మాట

ఎస్పీ రోడ్‌కి చిక్కపేట మెట్రోలో దిగి నడిచిపోవచ్చు. మాడ్యూళ్లు, వైర్లు, ఫెర్రిక్ క్లోరైడ్, నికెల్ స్ట్రిప్ అన్నీ అక్కడే. బేరం ఆడొచ్చు, బిల్లు అడిగి తీసుకోండి, పూత ఆనోడ్ల గురించి మాత్రం అక్కడ అడిగి లాభం లేదు, చాలామందికి తెలియదు. మెష్ కోసం పీణ్యకే వెళ్లాలి, గ్రీన్ లైన్‌లో పీణ్య ఇండస్ట్రీ స్టేషన్. నేను కొన్న షాపాయన పెద్ద షీటులోంచి అడిగిన కొలతకి కోసిచ్చారు, కోసిన అంచుల్లో పూత ఉండదని, దానివల్ల భయం లేదని తనే చెప్పారు, పట్టీ కూడా అక్కడే వెల్డ్ చేయించి ఇచ్చారు. చిన్న ఆర్డర్ అని విసుక్కోలేదు. లోపం అంటే ఒకటే, ఇరిడియం రకం ఎప్పుడూ స్టాక్‌లో ఉండదు, ఫోన్ చేసి కనుక్కుని వెళ్లాలి. యూపీఐ తీసుకుంటారు, ఆదివారం సెలవు.